ఇరవై అయిదు పళ్ళుండగా అన్నీ పీకించుకోవాలా?

ప్రశ్న: నాకు 62 ఏళ్ళు. టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. పదిహేనేళ్ళుగా షుగర్ ఉంది. మొన్న చేయించిన మూడు నెలల సగటు పరీక్షలో 8.6 వచ్చింది. జ్ఞానదంతాలు ఎప్పుడో పోయాయి. ఎడమవైపు కింద చివరి దవడ పళ్ళు రెండూ నాలుగేళ్ళ కిందట తీయించుకున్నాను. అప్పటి నుంచి కుడివైపే నములుతున్నాను. ఆ కుడివైపు పైన కూడా మధ్యలో ఒక పన్ను విరిగి ఊడిపోయింది, దాని వెనక పన్నుకు రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశారు. కింద ముందు పళ్ళు నాలుగు కొద్దిగా కదులుతున్నాయి, తోముకుంటే రక్తం వస్తుంది. ఒక క్లినిక్‌లో చూపిస్తే, మిగిలిన ఇరవై అయిదూ తీసేసి పైన నాలుగు, కింద నాలుగు ఇంప్లాంట్లు, అంటే దవడ ఎముకలోకి బిగించే స్క్రూలు, వేసి మూడు రోజుల్లో కదలని పళ్ళు పెడతామన్నారు. ఆరు లక్షలట, ఉగాదిలోపు అడ్వాన్సు కడితే లక్ష తగ్గిస్తారట. మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. అక్కడ ఒక్క పన్నుకే మూడు నాలుగు వేల డాలర్లవుతుందనీ, ఇక్కడే చేయించుకోమనీ, డబ్బు తను పంపిస్తాననీ అంటోంది. డిసెంబరులో మూడు వారాల సెలవు మీద వస్తుంది. మావారేమో ఈ వయసులో స్క్రూలెందుకు, నాలాగా తీసి పెట్టుకునే సెట్టు చాలదా అంటారు. ఏం చేయమంటారు? ఎముకలు గుల్లబారాయని ఏడాదికోసారి సెలైన్‌లో మందు ఎక్కిస్తున్నారు, ఇప్పటికి మూడుసార్లయింది. కాల్షియం మాత్రలు కూడా వేసుకుంటున్నాను. — ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: టీచరు గారూ, ముందు సూటిగా చెప్పేస్తాను. ఇరవై అయిదు పళ్ళూ తీయించుకోకండి. ఉగాదిలోపు అడ్వాన్సు కట్టకండి. 62 ఏళ్ళు అడ్డంకి కానే కాదు, ఎనభై దాటినవాళ్ళకు కూడా ఇంప్లాంట్లు వేస్తున్నారు. మీకూ వేయవచ్చు, కానీ ఎనిమిది కాదు. ఒకటి చాలనుకుంటున్నాను, అదీ కొన్ని నెలలు ఆగాక.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది చివరి రెండు వాక్యాలు. షుగర్ గురించి, కదిలే పళ్ళ గురించి వివరంగా రాసి, ఎముకల మందు సంగతి పోతూ పోతూ చెప్పినట్టు రాశారు. ఆ క్లినిక్‌లో ఈ మాట చెప్పారా? వాళ్ళు అడిగారా? అడగకుండానే పళ్ళన్నీ తీసేద్దామన్నారంటే మిగతా వాదనతో పనిలేదు, అక్కడి నుంచి లేచి వచ్చేయడమే.

ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కించేది దాదాపు ఎప్పుడూ జోలెడ్రోనిక్ యాసిడ్ అనే మందే. మీ ఫైలులో పేరు చూసుకోండి. ఎముక మన ఒంట్లో ఊరికే ఉండదు. పాతదాన్ని కరిగించే కణాలు కరిగిస్తుంటే, కొత్తదాన్ని కట్టే కణాలు కడుతుంటాయి. వయసు మీద పడ్డాక కరగడం ఎక్కువై కట్టడం తక్కువవుతుంది. ఈ మందు కరిగించే కణాలను అణచిపెడుతుంది, అందుకే తుంటి, వెన్నుపూస విరగకుండా కాపాడుతుంది. మంచి మందు. కానీ పన్ను పీకాక ఆ గుంట మానాలంటే పాత ఎముక కొంత కరిగి తీరాలి. పాత గోడ పడగొట్టే కూలీలు రాకపోతే కొత్త గోడ కట్టవలసిన మేస్త్రీ ఏం చేస్తాడు? గుంట మానకుండా, చిగురు మూసుకోకుండా, ఎముక బయటపడి చచ్చిపోయే ప్రమాదం ఉంది. దవడలో ఎముక మార్పిడి మిగతా చోట్ల కంటే వేగంగా జరుగుతుంది, పైగా నోట్లో ఎప్పుడూ క్రిములుంటాయి. అందుకే ఈ చిక్కు తుంటిలోనో చేతిలోనో కాక దవడలోనే వస్తుంది. వైద్యులు దీన్ని మొదట గుర్తించి రాసింది 2003లో.

బెంబేలు పడకండి. ఎముకలు గుల్లబారినందుకు ఈ మందు తీసుకునేవారిలో ఇలా జరిగేది పదివేల మందిలో ఇద్దరి నుంచి అయిదుగురికి. క్యాన్సరు ఎముకకు పాకినవారికి ఇదే మందు నెలనెలా ఇస్తారు, అసలు భయం వాళ్ళ విషయంలో. అందుచేత మీకు పన్ను తీయకూడదనీ, ఇంప్లాంట్ వేయకూడదనీ ఏమీ లేదు. అవసరమైన పన్ను ఒక్కొక్కటిగా, జాగ్రత్తగా తీయవచ్చు. కానీ అదుపులో లేని షుగర్, వాచిన చిగుళ్ళు, ఈ మందు, మూడూ ఉన్న మనిషికి ఒకే పూట ఇరవై అయిదు గుంటలు చేసి, వాటి పక్కనే ఎనిమిది చోట్ల ఎముకను తొలవడం మాత్రం చేయకూడదు. అదీ వాటిలో చాలా పళ్ళు గట్టిగా ఉండగా!

రెండు నెలలు మందు ఆపి చేయించుకుంటానంటే లాభం లేదు. ఇది ఎముకలో ఏళ్ళ తరబడి నిలిచి ఉంటుంది. వారానికో మాత్రగా వేసుకునే అలెండ్రోనేట్ కూడా ఈ జాతిదే, ఆ మాత్రలు వాడే పాఠకులు కూడా పంటి డాక్టరుకు తప్పక చెప్పాలి. ఆరు నెలలకోసారి చర్మం కింద వేసే డెనోసుమాబ్ సూది సంగతి వేరు. దాని ప్రభావం నెలల్లోనే తగ్గిపోతుంది. కానీ దాన్ని సొంతంగా ఆపేస్తే ఒకేసారి రెండు మూడు వెన్నుపూసలు విరిగినవాళ్ళున్నారు. ఏ మందైనా ఆపాలా, వాయిదా వేయాలా అన్నది ఎముకల డాక్టరు, పంటి డాక్టరు మాట్లాడుకుని తేల్చవలసిన సంగతి.

ఇక మూడు రోజుల్లో పళ్ళు. ఇది పూర్తిగా మోసమని నేననను. నాలుగు ఇంప్లాంట్ల మీద మొత్తం వరసను నిలబెట్టే పద్ధతిని పోర్చుగల్‌లోని లిస్బన్‌లో పాలో మాలో అనే దంతవైద్యుడు వ్యాప్తిలోకి తెచ్చాడు. సరైన మనిషికి, సరైన చేతుల్లో అది బాగా పనిచేస్తుంది. ఆ సరైన మనిషి ఎవరంటే, పళ్ళన్నీ ఊడిపోయినవారు, లేదా ఉన్నవి దేనికీ పనికిరానివారు. ఇరవై అయిదు పళ్ళున్నవారు కారు. పైగా మూడు రోజుల్లో పెట్టేది చాలాచోట్ల ప్లాస్టిక్‌తో చేసిన తాత్కాలిక వరస, అసలుది నెలల తరువాత. మొదటి రెండు మూడు నెలలు మెత్తటి అన్నం, పప్పు, ఇడ్లీలతోనే సరిపెట్టుకోవాలి. చేగోడీలు కొరుకుతున్న బొమ్మ పక్కన ఈ సంగతి రాయరు.

ఎముక తన పని తాను చేసుకోవడానికి టైము కావాలి, దాన్ని డబ్బుతో తగ్గించలేం. ఇంప్లాంట్ కథ మొదలైందే అలా. స్వీడన్‌లో పెర్-ఇంగ్వర్ బ్రోనెమార్క్ అనే శాస్త్రవేత్త 1952 ప్రాంతంలో కుందేలు కాలి ఎముకలో టైటానియం గొట్టం పెట్టి రక్త ప్రసరణ గమనిస్తున్నాడు. పరిశోధన అయ్యాక గొట్టం తీయబోతే రాలేదు, ఎముక దాన్ని పట్టేసింది. 1965లో గోథెన్‌బర్గ్‌లో యోస్టా లార్సన్ అనే రోగి కింది దవడలో మొదటిసారి టైటానియం స్క్రూలు వేశాడు. లార్సన్ 2006లో చనిపోయేదాకా, నలభై ఏళ్ళు దాటి, అవి పనిచేశాయి. ఆ పట్టు బిగియడానికి కింది దవడలో దాదాపు మూడు నెలలు పడుతుంది. పై దవడ ఎముక మెత్తన కాబట్టి నాలుగు నుంచి ఆరు నెలలు. మీలాంటివారికి ఇంకొంచెం ఎక్కువ ఆగడమే మంచిది.

మీ నోట్లో అసలు జబ్బు ఊడిన మూడు పళ్ళది కాదు, ఉన్న పళ్ళ చుట్టూ ఉన్న చిగుళ్ళది. తోముకుంటే రక్తం రావడం, ముందు పళ్ళు కదలడం, షుగర్ 8.6 ఉండడం ఒకదానితో ఒకటి ముడిపడినవి. షుగర్ ఎక్కువైతే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, చిగుళ్ళలో వాపు ఉన్నంతకాలం షుగర్ తేలిగ్గా దిగదు. చిగుళ్ళకు సరైన చికిత్స చేస్తే మూడు నెలల సగటు సుమారు 0.4 మేరకు తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. మాత్ర మార్చకుండా వచ్చే ఆ తగ్గుదల చిన్నదేమీ కాదు. కదిలే ప్రతి పన్నూ పోయేది కాదు. కింది ముందు పళ్ళ లోపలి వైపున గార పేరుకుని, చిగురు వాచి ఉంటే అవి ఊగుతాయి. చిగురు కిందివరకూ శుభ్రం చేశాక చాలావరకు బిగుస్తాయి, కాస్త ఊగేవాటిని సన్నటి తీగతో పక్కవాటికి కట్టి నిలబెడతారు. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయని మన ఇళ్ళలో గట్టి నమ్మకం. గార తీసేయగానే సందులు కనబడతాయి, ఊపు తెలుస్తుంది, అంతే. చేసింది గార, పేరు పడేది క్లీనింగ్‌కు.

ఆ జబ్బు అలాగే ఉంచి ఇంప్లాంట్లు వేస్తే అవి కూడా దాని బారిన పడతాయి. సొంత పన్నుకు, ఎముకకు మధ్య సన్నటి నారపొర ఉంటుంది. గట్టిదేదైనా కొరికితే అదే చురుక్కుమని చెబుతుంది. ఇంప్లాంట్‌కు ఆ పొర లేదు, నేరుగా ఎముకకే అతుక్కుంటుంది. అందువల్ల చుట్టూ ఎముక కరిగిపోతున్నా నొప్పి తెలియదు, తెలిసేసరికి స్క్రూ ఊగుతుంటుంది. పదేళ్ళ తరువాత కూడా ఇంప్లాంట్లు నూటికి తొంభై అయిదు దాకా నిలుస్తాయని చెబుతారు. నిజమే, కానీ ఆ లెక్క శుభ్రంగా చూసుకున్నవారిది. చుట్టా, బీడీ, సిగరెట్ తాగేవారిలో విఫలమయ్యే అవకాశం దాదాపు రెట్టింపు. మీకా అలవాటు ఉండదనుకోండి, ఇది చదివే మగవారి కోసం రాస్తున్నాను.

ఊడిన పళ్ళ విషయానికొస్తే, కుడివైపు పైన ఒక్క పన్ను ఖాళీ. ఖాళీకి అటూ ఇటూ ఉన్న పళ్ళ మీద ఆనించి మధ్యలో కట్టుడు పన్ను నిలబెట్టేదాన్ని బ్రిడ్జి అంటారు. మామూలుగా మంచి పన్నును అరగదీసి బ్రిడ్జి కట్టడం నాకు ఇష్టముండదు. కానీ మీకు దాని వెనక పన్నుకు ఎలాగూ క్యాప్ ఉంది. ముందు పన్ను ఒక్కటి అరగదీస్తే మూడు పళ్ళ బ్రిడ్జి వస్తుంది, ఎముక జోలికి వెళ్ళే పనే లేదు. మీరు వాడుతున్న మందును బట్టి చూస్తే ఇక్కడ ఇంప్లాంట్ కంటే బ్రిడ్జే నయం. రూట్ కెనాల్ చేసిన పన్ను వేరు గట్టిగా ఉందో లేదో ముందు ఎక్స్‌రే తీయించండి. అది బలహీనంగా ఉంటే ఈ మాట వెనక్కి తీసుకోవలసి వస్తుంది.

ఎడమవైపు కింద బ్రిడ్జి కుదరదు, వెనక ఆధారానికి పన్ను లేదు. తీసి పెట్టుకునే చిన్న సెట్టు గానీ, ఇంప్లాంట్ గానీ కావాలి. పోయిన రెండు దవడ పళ్ళకూ రెండు ఇంప్లాంట్లు వేయమంటారు చాలామంది. నేనైతే ముందుదానికి ఒక్కటే వేయించుకోమంటాను. నమలడంలో సింహభాగం మొదటి దవడ పన్నుదే. చిట్టచివరిది లేకపోయినా బతుకు సాగుతుంది, ఇరవై పళ్ళు సరిగా ఎదురెదురుగా కలిస్తే మామూలు భోజనానికి లోటు ఉండదు. జపాన్‌లో 1989లో ఎనభై ఏళ్ళకు ఇరవై పళ్ళు అనే ప్రచారం మొదలుపెట్టారు. ఎనభైలో ఇరవై ఉంటే చాలని ఒక దేశమే అనుకుంటే, 62లో ఇరవై అయిదున్న మిమ్మల్ని బోసినోరు చేయబోయారు!

నాలుగేళ్ళు ఖాళీగా ఉన్న చోట రెండు సంగతులు చూడాలి. పన్ను పోయిన మొదటి ఏడాదిలోనే అక్కడి ఎముక గట్టు వెడల్పు సగం దాకా తగ్గిపోవచ్చు. కింది దవడ లోపల పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం పోతుంది. స్క్రూ కొన దానికి కనీసం రెండు మిల్లీమీటర్ల పైనే ఆగాలి, తగిలితే పెదవి మొద్దుబారి అలాగే ఉండిపోవచ్చు. కాబట్టి సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ లేకుండా మామూలు ఎక్స్‌రేతోనే వేసేస్తామంటే ఒప్పుకోకండి. రెండోది ఎదురు పన్ను. కింద ఆనిక లేక పైన దవడ పన్ను కొంచెం దిగి వచ్చి ఉంటుంది. అద్దం ముందు పళ్ళు కరిచిపట్టి, చెంపను వేలితో పక్కకు లాగి చూడండి. పై పన్ను ఖాళీలోకి వేలాడుతూ కనిపిస్తే, దాన్ని కొంత అరగదీస్తే తప్ప కింద క్యాప్‌కు చోటు ఉండదు. ఈ ముక్క ముందే చెప్పని డాక్టరు, తరువాత బిల్లులో చెబుతాడు.

ఇంప్లాంట్ వేసేటప్పటి నొప్పి గురించి మీరు అడగలేదు, కానీ అందరూ భయపడేది దానికే. పన్ను పీకినప్పటి కంటే తక్కువే ఉంటుంది. మత్తు సూది పన్ను పీకేటప్పుడు వేసేదే. చిగురు కాస్త తెరిచి, సన్నటి డ్రిల్లుతో మొదలుపెట్టి ఒక్కో సైజు పెంచుతూ గుంట చేస్తారు. పొడుగునా చల్లటి సెలైన్ పోస్తూనే ఉంటారు, ఎందుకంటే ఎముక 47 డిగ్రీల వేడిలో ఒక్క నిమిషం ఉంటే చచ్చిపోతుంది, చచ్చిన ఎముక స్క్రూను పట్టుకోదు. స్క్రూ ఎంత బిగువుగా దిగిందో చిన్న రెంచితో కొలుస్తారు. మీకు తెలిసేది అదురు, నీళ్ళ చప్పుడు, చివర్లో రెంచి కిటకిట. కుట్లు వేసి పంపిస్తారు, రెండు మూడు రోజులు చెంప వాచి ఉంటుంది. నెలల తరువాత మళ్ళీ వెళితే పైన బిగించే దిమ్మె, కొలతలు, క్యాప్. మీరు రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ రోజు సొంతంగా మానేయకండి, ముందే చెప్పండి.

డబ్బు సంగతి. మన దగ్గర ఒక ఇంప్లాంట్‌కు, క్యాప్‌తో కలిపి, ఊరిని బట్టి, కంపెనీని బట్టి పాతిక వేల నుంచి యాభై అరవై వేల దాకా తీసుకుంటారు. కొరియా కంపెనీలవి చవక, స్విస్, స్వీడిష్ కంపెనీలవి ఖరీదు. ఖరీదైనదే కావాలని నేననను, పేరున్న కంపెనీ అయితే చాలు. కానీ ఇంప్లాంట్ డబ్బా మీద కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కరు ఉంటుంది. దాన్ని మీ ఫైలులో అంటించమనండి. ఒక కంపెనీ స్క్రూకు ఇంకో కంపెనీ భాగాలు మామూలుగా సరిపడవు. పదేళ్ళకు లోపలి మర వదులై మీరు డల్లాస్‌లో ఉన్నారనుకోండి, అక్కడి డాక్టరు మొదట అడిగేది అదే. ఆరోగ్య బీమా మీద ఆశ పెట్టుకోకండి, ప్రమాదంలో పళ్ళు పోతే తప్ప చాలా పాలసీలు ఇవ్వవు. ఖర్చు బరువనిపిస్తే దంత వైద్య కళాశాలలున్నాయి. మీకు దగ్గరలోనే విజయవాడలో ప్రభుత్వ కళాశాల ఉంది. చిగుళ్ళ విభాగం, కృత్రిమ దంతాల విభాగం, సర్జరీ విభాగం ఒకే గొడుగు కింద ఉండడం మీలాంటి కేసుకు పెద్ద సౌకర్యం, కాకపోతే ఓపికతో తిరగాలి.

మీవారి మాటలోనూ న్యాయముంది. తీసి పెట్టుకునే సెట్టు చిన్నచూపు చూడవలసిన వస్తువు కాదు. షుగర్ దిగకపోతే, లేదా ఎముకల డాక్టరు వద్దంటే, ఎడమవైపుకు అదే పెట్టించుకోండి. ఆయన కింది సెట్టు మాట్లాడుతుంటే లేస్తోందేమో అడగండి. కింది దవడలో రెండే రెండు ఇంప్లాంట్లు వేసి, వాటికి గుండీల్లా పట్టే అమరిక పెడితే అదే సెట్టు కదలకుండా ఉంటుంది. ఇంప్లాంట్లు నిజంగా మనిషి జీవితాన్ని మార్చేది అక్కడే. మీ ఇంట్లో ఆ లక్షల్లో కొంత ఖర్చు పెట్టాలనిపిస్తే, మీకంటే ముందు ఆయన నోట్లో పెట్టండి.

అమ్మాయి మూడు వారాల సెలవులో ఇదంతా ఇమడదు, ఇమడనక్కరలేదు కూడా. ఇప్పుడే చిగుళ్ళ చికిత్స మొదలుపెట్టి షుగరును ఏడు దగ్గరికి, కనీసం ఎనిమిది లోపుకి తీసుకురండి. పై బ్రిడ్జి ఈలోపు అయిపోతుంది. షుగర్, చిగుళ్ళు రెండూ కుదుటపడితే వానాకాలం చివర్లో స్క్రూ వేయించుకోవచ్చు. అది నిలదొక్కుకుని క్యాప్ బిగించేది అమ్మాయి వచ్చాకో, వెళ్ళాకో. అదే ముఖ్యం కాదు. చికిత్సను విమానం టిక్కెట్టుకు సరిపెట్టాలని చూస్తే తొందరపడేది డాక్టరు, అనుభవించేది మీరు.

ఈ వారంలో మీరు చేయవలసింది ఒక్క ఫోను. ఎముకల డాక్టరు గారికి చేసి మందు పేరు, చివరిసారి ఎక్కించిన తేదీ, మళ్ళీ ఎప్పుడు ఎక్కించాలో రాసిమ్మనండి. ఆ కాగితం, షుగర్ రిపోర్టు చేతిలో లేకుండా ఏ పంటి డాక్టరు కుర్చీలోనూ కూర్చోకండి. నాలుగేళ్ళ కిందట పళ్ళు తీసిన చోట నాలుకతో తడిమితే గరుకుగా ఎముక తగిలినా, అద్దంలో తెల్లగా కనిపించినా మాత్రం కాగితం కోసం ఆగకుండా రేపే వెళ్ళి చూపించుకోండి.